అడవినిమ్మ, దాని ముండ్ల చుట్టాలు

దోహా నగరంలో ఇంటి ముందు నాలుగు గజాల మట్టి దొరికిన తెలుగు కుటుంబం మొదట నాటేది కరివేపాకు, రెండవది నిమ్మ. నర్సరీ నుండి తెచ్చిన నిమ్మ అంటు ఒకటి రెండేండ్లు ముద్దుగా పెరుగుతుంది. వేసవి సెలవులకు ఇల్లు తాళం వేసి స్వదేశం వెళ్ళి, బడులు తెరిచే వేళకు తిరిగి వచ్చి చూస్తే పై కొమ్మలన్నీ మాడిపోయి ఉంటాయి. అయితే మొదట నుండి కొత్త రెమ్మలు ఏపుగా లేచి ఉంటాయి. చెట్టు బతికినదని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఆ రెమ్మలకు ఒక్కొక్క కాడపై మూడేసి ఆకులు, ప్రతి కణుపు వద్ద వేలి కణుపంత ముల్లు. కొన్నేండ్లకు కాయ కాస్తుంది. కొరికితే నోరంతా చేదు. మన నిమ్మ అడవి నిమ్మగా మారిపోయిందని, ఎడారి నేల మహిమ అని అందరూ చెప్పుకుంటారు.

నిజానికి ఆ చెట్టు దేనిగానూ మారలేదు. ఆ ముండ్ల మొక్క మొదటి రోజు నుండి ఆ కుండీలోనే ఉన్నది. పైన ఉన్న నిమ్మ చనిపోయిన తరువాత మాత్రమే అది కంటబడింది.

ముండ్లు గల అడవి నిమ్మజాతి పొద అనే మాట వినగానే ఒకే మొక్క తలపునకు రావచ్చును గాని, ఆ మాట కింద వేర్వేరు మొక్కలు ఇమిడి ఉన్నాయి. తోటలలో అంటుమొక్కల వేళ్ళలో దాగి ఉన్నది ఒకటి. తూర్పు కనుమలలో, కోస్తా పొదలలో స్వేచ్ఛగా పెరిగే అసలైన అడవినిమ్మ మరొకటి. ఖతర్ ఎడారిలో దారి పక్కన కనిపించి, నిమ్మ కాకున్నా నిమ్మేమో అనిపించే ముండ్ల పొదలు ఇంకొన్ని. వీటిని విడదీసి గుర్తించగలగడం కేవలం కుతూహలం తీర్చుకొనే విషయం కాదు. ఈ జాతి మొక్కలు మందుగా, కంచెగా, తోటలకు ఆధారంగా ఎంత ఉపకరిస్తాయో, పొరబడితే అంత నష్టమూ చేయగలవు.

వేళ్ళలో దాగిన అడవి

నిమ్మ, నారింజ, బత్తాయి చెట్లను వాణిజ్యపరంగా పెంచేచోట చాలా వరకు ఒక చెట్టు రెండు చెట్ల కలయిక. కింద వేరుమూలం ఒక జాతిది. దానిపై అతికించిన మొగ్గ మరొక జాతిది. రాయలసీమలో చీనీ అనీ, తక్కిన ప్రాంతాలలో బత్తాయి అనీ పిలుచుకొనే సాత్‌గుడి రకాన్ని జంబేరి మీదనో రంగపూర్ నిమ్మ మీదనో అంటు కడతారు. జంబేరి కాయ తిననక్కరలేదు, దాని వేరు గట్టిదైతే చాలు. పైన ఉన్నది రుచినిస్తుంది, కింద ఉన్నది నీటిని, ఉప్పును, నేలలోని తెగుళ్ళను ఎదుర్కొంటుంది. ఎండకో చలికో పైభాగం చనిపోతే కిందిది తన సొంత రెమ్మలు వేస్తుంది. దోహా పెరటిలో జరిగినది ఇదే.

ఆ రెమ్మలను చూసి వేరుమూలం ఏదో ఊహించవచ్చును. ఆకు మూడుగా చీలి ఉంటే అది చైనా దేశపు మూడాకుల నారింజ గాని, దాని సంకరజాతి గాని అయి ఉంటుంది. ఆకు ఒంటరిదై, లేత చిగురు ఊదా ఛాయలో ఉంటే జంబేరి గాని రంగపూర్ నిమ్మ గాని. ఆకు కాడకు ఇరుపక్కల వెడల్పైన రెక్కలుంటే పుల్ల నారింజ. అంటు కట్టిన చోట కాండంపై చిన్న వంపు, బొడిపె కనిపిస్తాయి. దానికి దిగువ నుండి వచ్చిన ఏ రెమ్మ అయినా వేరుమూలానిదే.

మూడాకుల నారింజ కథ తెలుసుకోదగినది. నిమ్మ చుట్టాలలో శీతాకాలంలో ఆకులన్నీ రాల్చేది ఇదే. వసంతంలో ఆకుకన్న ముందు పూలు పూస్తుంది. కాయ చిన్నది, తొక్కపై సన్నని నూగు ఉంటుంది, గుజ్జు చేదు. సున్నాకు దిగువ 20 డిగ్రీల చలిని తట్టుకోగలదు. 1894–95 శీతాకాలంలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో మంచు కురిసి నారింజ తోటలు నేలమట్టమైనప్పుడు వాల్టర్ స్వింగిల్, హెర్బర్ట్ వెబ్బర్ అనే శాస్త్రజ్ఞులకు ఈ చేదుకాయ చెట్టు గుర్తుకు వచ్చింది. 1897లో దీనిని తీపి నారింజతో సంకరం చేశారు. చలికి ఓర్చే తీపి పండు రావాలన్నది వారి ఆశ. అటువంటి పండు రాలేదు. కాని ఆ తరువాతి సంకరాలలో పుట్టిన ట్రోయర్, కారిజో అనే రకాలు ప్రపంచమంతటా వేరుమూలాలుగా స్థిరపడ్డాయి. కోరినది ఒకటి, దొరికినది మరొకటి; దొరికినదే ఎక్కువ విలువైనది అయింది.

ఆ విలువ 20వ శతాబ్దం నడుమ తేటపడింది. దక్షిణ అమెరికాలో 1930వ దశకం నుండి పుల్ల నారింజ వేరుపై ఉన్న తోటలు లక్షల సంఖ్యలో ఎండిపోసాగాయి. ఆ తెగులుకు అక్కడి వారు ట్రిస్టెజా అని పేరు పెట్టారు; ఆ మాటకు విషాదమని అర్థం. పేనుబంక వలన వ్యాపించే ఒక వైరస్ దీనికి కారణమని తరువాత తేలింది. మూడాకుల నారింజలో ఆ వైరస్ నిలువదు. దాని సంకర వేర్లపై తిరిగి నాటిన తోటలు నిలిచాయి.

కొరియాలో ఈ మొక్కకు వేరొక ఉద్యోగం ఉండేది. జోసన్ రాజుల కాలంలో రాజాగ్రహానికి గురైనవారిని దూర ద్వీపాలకు పంపి, వారుండే ఇంటి చుట్టూ ఈ ముండ్ల పొదనే కంచెగా పెంచేవారు. కావలి వాండ్లకు జీతం ఇవ్వాలి, ముండ్లకు అక్కరలేదు.

శ్రీహరికోట పొదలలో

అసలైన అడవినిమ్మను చూడదలచినవారు తెలుగునాట ఎక్కడికో పోనక్కరలేదు. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమనున్న శ్రీహరికోట దీవిలో రాకెట్ కేంద్రం వెలియకముందూ, వెలిసిన తరువాతా, ఆ ఇసుక నేలపై పాల, అల్లి చెట్లతో కలిసి ఈ పొద దట్టంగా పెరుగుతున్నది. ఆ దీవిలో తరతరాలుగా నివసించిన యానాదులు అడవి మందులు బాగా ఎరిగినవారు. శేషాచలం కొండలలోను, నల్లమలలోను, తమిళనాట కోస్తా పొదలలోను, సింహళంలోను ఇది కలదు. తమిళులు దీనిని కురుందమ్ అంటారు. పెరుందురై ఆవుడైయార్ కోవిలలో ఈ చెట్టు నీడనే మాణిక్యవాచకర్‌కు గురూపదేశం లభించినదని శైవుల విశ్వాసం. కంచెకు తప్ప దేనికీ పనికిరాదని రైతు తలచే పొద అక్కడ స్థలవృక్షం.

శాస్త్రజ్ఞులు దీనిని అటలాంటియా మోనోఫిల్లా అంటారు. అటలాంటా గ్రీకు పురాణాలలో పరుగుపందెపు కన్య. దారిలో పడవేసిన బంగారు పండ్లను ఏరబోయి ఓడిపోయినది. మోనోఫిల్లా అనగా ఒంటి ఆకుది. అటలాంటాతో ఈ మొక్కకు ఆ పసుపుపచ్చని పండు మినహా పోలిక లేదు గాని, ఒంటి ఆకు అనే భాగం మాత్రం గుర్తు పట్టడానికి మొదటి మెట్టు.

ఈ జాతుల అధ్యయనానికి మన నేలకు ఉన్న సంబంధం పాతది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండు వైద్యుడు 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను సేకరించి, స్థానిక చిత్రకారులచే బొమ్మలు గీయించాడు. 1795 నుండి లండనులో ముద్రితమైన ఆ సంపుటాలలో లాటిన్ పేర్ల సరసన తెలుగు పేర్లు కనిపిస్తాయి. పల్లెవాసులు నిమ్మకు చుట్టాలని ఏనాడో గ్రహించిన పొదలు కొన్నింటికి శాస్త్రీయ వర్గీకరణలోను అదే చోటు లభించింది.

ఇక గుర్తించే విధానం. పొదను సమీపించి మొదట ముల్లును చూడరాదు, ఆకును చూడాలి. ఒక ఆకును త్రుంచి సూర్యునికి ఎదురుగా పట్టుకుంటే సూదితో గుచ్చినట్లు అసంఖ్యాకమైన చుక్కలు వెలుగుతాయి. అవి తైలగ్రంథులు. ఆ ఆకునే వేళ్ళ నడుమ నలిపితే నిమ్మ, నారింజ కలిసిన ఘాటైన వాసన వస్తుంది. ఈ రెండు గుర్తులూ రూటేసి కుటుంబానికి సంతకం వంటివి. మారేడు, వెలగ, కరివేపాకు, దబ్బ, పంపరపనస, మాదీఫలం ఇవన్నీ ఆ కుటుంబమే. వినాయక చవితికి వెలగను, శివరాత్రికి మారేడును చేతపట్టినవారికి ఈ వాసన తెలియనిది కాదు.

కుటుంబం తేలిన తరువాత మనిషిని గుర్తించాలి. అడవినిమ్మ ఆకు ఒంటరిది, దళసరిది, పైన నిగనిగలాడుతుంది. కొన వద్ద చిన్న నొక్కు ఉంటుంది. ఇంటి నిమ్మ ఆకుకు కాడ వద్ద సన్నని రెక్క, ఒక కీలు కనిపిస్తాయి. అడవినిమ్మ కాడకు రెక్క లేదు. ఆకు పుట్టిన మూలలో ఒంటి ముల్లు, నిటారుగా ఉంటుంది. పూలు తెల్లనివి, చిన్న గుత్తులు, మల్లెను మించిన పరిమళం. పువ్వు చేతికి దొరికితే ఇక సందేహానికి తావు లేదు: దాని రక్షకపత్రం నాలుగైదు సమభాగాలుగా విడిపోక, ఒక పక్కన అడ్డదిడ్డంగా చిరిగినట్లు ఉంటుంది. కేసరాలు అడుగున కలిసిపోయి గొట్టం వలె ఏర్పడతాయి. కాయ గోలీకన్న కొంచెం పెద్దది, గుండ్రనిది, పండితే ఆకుపచ్చ కలిసిన పసుపు. కోస్తే మూడు నాలుగు గదులు, కొద్దిపాటి పులుపు, అంతకన్న ఎక్కువ చేదు.

పొరబడదగిన చుట్టాలు రెండున్నాయి. తొర్రెలగకు కూడ ముండ్లున్నవి గాని, దాని ఆకు ఒంటరిది కాదు. ఈనెకు రెక్కలు తొడిగి, వాటిపై చిన్న ఆకులు అమర్చినట్లుంటుంది. కొండకసింద తీగవలె చెట్లపైకి పాకుతుంది. మూడాకులు, కాడలనిండా కొక్కెముల వంటి ముండ్లు. దానిలో ఇరుక్కున్న పశువుల కాపరి దాని పేరు జీవితంలో మరువడు.

అడవినిమ్మ ప్రయోజనాలలో అన్నింటికన్న నమ్మదగినది కంచె. పశువు ముట్టదు, నీరు పోయనక్కరలేదు, నరికినకొలది గుబురవుతుంది. పచ్చికాయలను ఉప్పులో ఊరవేసి చేదు విరిచి ఊరగాయ పెట్టుకొనే అలవాటు దక్షిణదేశంలో ఉన్నది. పండ్ల నుండి తీసిన వేడిచేసే తైలాన్ని కీళ్ళవాతానికి, పక్షవాతానికి పైపూతగా వాడే సంప్రదాయం వైద్యగ్రంథాలలో ప్రస్తావితమైనది. ఈ ఆకుల తైలానికి శిలీంధ్రాలను, కీటకాలను అణచే శక్తి ఉన్నట్లు ప్రయోగశాలలలో కనుగొన్నారు. అయితే గాజుపాత్రలో పనిచేసిన ప్రతిదీ మనిషి దేహంలో పనిచేయదు. పైపూతగా తప్ప లోపలికి పుచ్చుకొనవలెనని ఎవరు చెప్పినా వైద్యుని అడగక అంగీకరించరాదు. కలప పసుపుపచ్చనిది, నునుపైనది. దువ్వెనలకు, చెక్కడపు పనికి వాడేవారు. నల్లని రెక్కలపై నీలి మచ్చలు గల పెద్ద సీతాకోకచిలుక, బ్లూ మార్మన్ అని పిలువబడేది, ఈ ఆకులపై గుడ్లు పెడుతుంది. 

ముల్లు గురించి ఒక మాట. నిమ్మజాతి ముల్లు ఆకు మూలలో పుట్టవలసిన కొమ్మకు మారురూపం. ఆ మొలకలోని కణాలు విభజన మానివేసి మొన తేలుతాయి. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ఈ నిర్ణయాన్ని నడిపే రెండు జన్యువులను గుర్తించి, వాటిని పనిచేయకుండా చేసినప్పుడు ముల్లు ఉండవలసిన చోట కొమ్మ మొలవడం చూపారు. ఇంటి నిమ్మ గింజను కుండీలో వేసినవారికి మొదటి ఏండ్లలో ముండ్లే ముండ్లు కనిపించడానికి కారణం మొక్క బాల్యం. పెద్దదై కాపుకు వచ్చిన కొద్దీ కొత్త రెమ్మలకు ముల్లు తగ్గుతుంది. గింజనుండి వచ్చినది అడవిదవుతుందన్న భయం కాగితపు నిమ్మ విషయంలో అక్కరలేదు. దాని గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి, వాటిలో అధికభాగం తల్లిచెట్టు ప్రతిరూపాలే. కాపుకు మాత్రం ఐదారేండ్లు ఓపిక పట్టాలి.

ఎడారిలో ముండ్లు

చలికాలపు శుక్రవారాలలో దోహా వదిలి ఉత్తరాన ఎడారిలోకి వెళ్ళినవారు రౌదాలు అనే పల్లపు ప్రదేశాలను చూసే ఉంటారు. ఏడాదికి సుమారు 75 మిల్లీమీటర్లు మాత్రమే కురిసే వాన అక్కడకు జారి, మట్టిని చేర్చి, పచ్చదనం నిలుపుతుంది. ఆ పచ్చదనంలో సగం ముండ్లే. పల్లెటూరి జ్ఞాపకాలు ఉన్నవారు వాటిలో ఒక పొదను చూపి ఇది అడవినిమ్మ అనడం కద్దు.

అక్కడ ఎక్కువగా కనబడే ముండ్ల పొద అవుసజ్. కొమ్మ కొసయే ముల్లుగా మారుతుంది. ఆకులు సన్నవి, లేత ఊదా పూలు, బఠాణీ అంత ఎర్రని పండ్లు. ఆకు నలిపితే నిమ్మ వాసన రాదు, వెలుతురులో చుక్కలు కనిపించవు. అది వంకాయ, టమాటాల కుటుంబానికి చెందినది. సిద్ర్ చెట్టు మన రేగుకు సోదరి. కణుపుకు రెండేసి ముండ్లు, వాటిలో ఒకటి వంకర. తెల్లని పొడవు ముండ్లతో గొడుగువలె నిలిచేది సమర్, అది తుమ్మ జాతి. ఇంకొకటి మన సర్కారు తుమ్మే. తెలుగునాటను ఆక్రమించిన రీతిలోనే ఇక్కడికీ చేరింది.

విచిత్రమేమంటే ఖతర్ ఎడారిలో నిమ్మకు నిజమైన చుట్టం ఒకటి ఉన్నది. దానికి ముల్లు లేదు. హాప్లోఫిల్లమ్ ట్యుబర్‌క్యులేటమ్ అనే ఈ మొక్క మోకాలెత్తు కూడ పెరగదు. కాడలనిండా పులిపిరుల వంటి గ్రంథులు, చిన్న పసుపు పూలు. నలిపితే వాసన ఘాటుగా ముక్కుకు తగులుతుంది. అరబ్బు సంచారజాతులు దీనిని మందుగా వాడేవారు. 1981లో వెలువడిన బతనూనీ ఆచార్యుని ఖతర్ వృక్షసంపద గ్రంథాన్ని తిరగవేసిన వారికి రౌదాలలోని మొక్కలు ఒక్కొక్కటే పరిచయమవుతాయి. ముండ్లున్నది నిమ్మ కాకపోవడం, ముండ్లు లేనిది నిమ్మ చుట్టం కావడం. ఈ ఒక్క ఎడారిలోనే ముల్లును చూసి నిర్ణయించేవాడు రెండుమార్లు తప్పుతాడు. చూసి రావచ్చును గాని పెకలించి తేరాదు. సహజ వృక్షసంపదకు హాని చేయడాన్ని ఖతర్‌లో 1995 నాటి చట్టం నిషేధించినది.

ఈ కుటుంబపు మొక్కల విషయంలో ఎడారి ఎండ మరొక ప్రమాదాన్ని తెస్తుంది. నిమ్మతొక్క రసంలో ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మంపై ఉండగా తీవ్రమైన ఎండ తగిలితే ఒకటి రెండు రోజులకు ఆ మేర బొబ్బలెక్కి, పిమ్మట గోధుమరంగు మచ్చలు వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి నిలుస్తాయి. సముద్రతీరంలో వనభోజనానికి పోయి, చేపలకు నిమ్మకాయలు పిండి, చేతులు కడుగక ఎండలో ఆడిన పిల్లలకు ఈ మచ్చలు వస్తే, దేనివలన వచ్చినవో తల్లిదండ్రులకు తోచదు. మందు సులువు: సబ్బుతో కడగడం, నీడన పిండడం.

ఉప్పు నేలకు ఏ వేరు

ఖతర్ నేల సున్నపుమయం, భూగర్భజలం ఉప్పు. పండ్లచెట్లలో ఉప్పును ఎంతమాత్రం ఓర్వలేనివాటిలో నిమ్మజాతి ముందుంటుంది. ఆకు కొనలు మాడి, ఈనెల నడుమ పసుపెక్కడం మొదటి లక్షణం. ఇంత కీర్తి పొందిన మూడాకుల నారింజ ఇక్కడ దాదాపు పనికిరాదు. సున్నపు నేలలో దానికి ఇనుము అందదు. క్లోరైడును అడ్డగించలేక ఆకులకు పంపుతుంది. దానిపై కట్టిన అంటును ఎంత శ్రద్ధగా పెంచినా దోహా పెరటిలో కుంగడం అందుకే. ఫ్లోరిడా చలికి నిలిచినది ఇక్కడి ఉప్పుకు నిలవాలని లేదు. రంగపూర్ నిమ్మ, క్లియోపాత్రా అనే కమలా రకం క్లోరైడును వేరు వద్దనే చాలావరకు ఆపుతాయి. నర్సరీలో మొక్క కొనేటప్పుడు కాయ రకాన్ని అడిగేవారు పదిమంది అయితే వేరు రకాన్ని అడిగేవారు ఒకరైనా ఉండరు. అడగవలసిన ప్రశ్న అదే.

ఇక్కడ అడవినిమ్మ వంశం మళ్ళీ ముందుకు వస్తుంది. దక్షిణ చైనాలో, హాంకాంగ్ పరిసరాలలో పెరిగే అటలాంటియా బక్సిఫోలియా అనే ముండ్ల పొద మన అడవినిమ్మకు పిన్నికూతురు వంటిది. చిన్న ఆకులు, నల్లని పండ్లు. స్వింగిల్ కాలంలో దీనిని సెవరీనియా అనేవారు. ఉప్పును, బోరాన్‌ను ఓర్చుకోవడంలో ఇది సాధారణ నిమ్మజాతి వేరుమూలాలను మించినదని పరిశోధనలలో తేలింది. బోరాన్ సంగతి గల్ఫ్‌కు ముఖ్యం. సముద్రజలాన్ని శుద్ధిచేసి తీసిన నీటిలో ఉప్పు పోయినంత తేలికగా బోరాన్ పోదు. నిమ్మ అతి స్వల్ప మోతాదుకే నొచ్చుకుంటుంది. అయితే ఈ పొద వేరుపై కట్టిన అంట్లు మరుగుజ్జులవుతాయి, కొన్ని అసలే అతకవు. కనుక ఇది ఇంకా తోటల వేరు కాలేదు, ప్రజననకారుల చేతిలోని ముడిసరుకు మాత్రమే. కుండీలో చిన్న చెట్టు కోరేవారికి మరుగుజ్జుతనం లోపం కాదని ఒక వాదన లేకపోలేదు.

ఇంటి నిమ్మ కూడ పుట్టుకలో సగం అడవిదే. దాని తండ్రి మాదీఫలం, తల్లి ఫిలిప్పీన్స్ దిక్కున పుట్టిన పపెడా అనే అడవిజాతి అని జన్యుపరీక్షలు చెబుతున్నాయి. దానిని పడమటికి మోసుకుపోయినవారు అరబ్బు వర్తకులు. ఖతర్ వంటింట మచ్బూస్ అన్నంలో వేసే నల్లని లూమీ మరేదో కాదు, ఆ నిమ్మనే ఉప్పునీట ఉడికించి ఎండబెట్టినది. దానికి ఒమానీ నిమ్మ అని పేరు. ఆ ఒమాన్‌లోనే 1970వ దశకంలో నిమ్మచెట్ల కొమ్మలు చీపురుకట్టలవలె గుబురెక్కి, కాపు నిలిచి, కొన్నేండ్లలో చావడం మొదలైంది. ఫైటోప్లాస్మా అనే అతిసూక్ష్మజీవి తెచ్చిన ఆ చీపురుకట్ట తెగులు 1989లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో, 1997లో ఇరాన్‌లో కనిపించింది. రసం పీల్చే ఆకుదోమ దానిని చెట్టునుండి చెట్టుకు చేర్చింది. సముద్రాలు దాటించినది ఎక్కువగా మనుషులు చేతపట్టుకుపోయిన అంట్లేనని చెప్పవచ్చును.

ఆ మాట తెలుగువారి పెట్టెల దాకా వస్తుంది. కరివేపాకు మొక్కను తడిగుడ్డలో చుట్టి విమానంలో తెచ్చుకోవడం గల్ఫ్ తెలుగువారికి పరిపాటి. కరివేపాకు చిగురు సిల్లా అనే సన్నని పురుగుకు ప్రీతి. కరివేపాకుకు అది పెద్ద హాని చేయదు. నిమ్మజాతికి మాత్రం గ్రీనింగ్ తెగులును మోసేది అదే. ఆ తెగులుకు ఇంకా మందు లేదు. ఫ్లోరిడాలో దానిని 2005లో గుర్తించారు. అంతకుముందు, 2003–04లో, 24 కోట్ల 20 లక్షల పెట్టెల నారింజ పండించిన ఆ రాష్ట్రం 2022–23లో 1 కోటి 60 లక్షల పెట్టెలకు దిగిపోయింది. తుపానులు, ఇండ్లస్థలాల గిరాకీ కూడ కారణాలే గాని ప్రధానకారణం ఈ తెగులు. అరేబియా ద్వీపకల్పంలో సౌదీ అరేబియాకు అది 1980వ దశకానికే చేరినది. ఆరోగ్య ధ్రువపత్రం లేని మొక్కను దేశంలోకి తేరాదన్న క్వారంటైన్ నియమం ఈ కారణంగానే పుట్టింది. చిగుళ్ళలో గసగసాలంత పసుపు గుడ్లు కంటికి ఆనవు, సుంకపు అధికారికీ ఆనవు. దోహా నర్సరీలలో కరివేపాకు దొరుకుతుండగా పెట్టెలో తేవడానికి కారణం వెలకన్న మమకారం. ఆ మమకారానికి పక్క పొలంలోని రైతు వెల చెల్లించవలసి రావచ్చును.

గ్రీనింగ్‌ను ఎదుర్కొనే ప్రయత్నంలో ప్రజననకారులు తిరిగి అడవి చుట్టాలనే ఆశ్రయించారు. మూడాకుల నారింజ, దాని సంకరాలు కొన్ని, ఆస్ట్రేలియా అడవులలోని వేలినిమ్మ ఈ తెగులును కొంతవరకు ఓర్చుకుంటున్నాయి. స్వింగిల్ కోరినట్లుగానే నేటివారూ ఆ ఓర్పును తీపి పండులోకి తేవాలని చూస్తున్నారు. చేదు వెంట రాకుండా చేయడమే కష్టంగా ఉన్నది.

ఇక పెరటిలో ముండ్లతో లేచిన ఆ మొదటి మొక్క సంగతి. అంటు పైభాగంలో ప్రాణముంటే, కింది రెమ్మలు లేతగా ఉండగానే కాండానికి ఆనించి వేలితో విరిచివేయాలి. కత్తిరించి మొండెం వదిలితే అక్కడినుండి నాలుగు లేస్తాయి. పైభాగం పూర్తిగా చనిపోయి ఉంటే పెకలించనక్కరలేదు. ఎండలు ముదరని ఫిబ్రవరి, మార్చి నెలలలో ఒక్క బలమైన రెమ్మను ఉంచి, తక్కినవి తీసివేసి, పెన్సిలంత లావైన చోట బెరడుపై టీ అక్షరం ఆకారంలో గాటు పెట్టాలి. అదే ఊరిలోని ఆరోగ్యమైన నిమ్మచెట్టు నుండి ఒక మొగ్గను డాలు ఆకారంలో కోసి ఆ గాటులో దూర్చి, ప్లాస్టిక్ పట్టీతో చుట్టాలి. మూడు వారాల తరువాత పట్టీ విప్పి చూస్తే మొగ్గ పచ్చగా ఉంటే అతుక్కున్నట్లే. అప్పుడు మొగ్గకు పైనున్న ముండ్ల కొమ్మను కోసివేయవచ్చును. గోధుమరంగుకు తిరిగితే అదే రెమ్మపై మరొక పక్కన, రెండంగుళాల కింద, మళ్ళీ గాటు పెట్టాలి.